గెడ్డకు అడ్డంగా ఒక వల: మా ప్రాజెక్టు డైరీ

మే 5

మా రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పేరుతో ఏదో ఒక స్థానిక సమస్యపై 180 గంటలు పనిచేయాలి. చాలా జట్లు ప్రశ్నపత్రం పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి, తడి చెత్తనూ పొడి చెత్తనూ వేరు చేస్తున్నారా అని అడిగి, చేస్తున్నామన్న జవాబు రాసుకొని వస్తాయి. నిరుడు మా ఇంటికి వచ్చిన జట్టుకు మా అమ్మ కూడా అదే జవాబు చెప్పింది; అది నిజం కాదని ఆ పూట ఇంట్లో ఉన్న మా అందరికీ తెలుసు. అందుకని ఈసారి మనుషులను అడగడం మాని నీళ్ళనే అడిగి చూద్దామని మా జట్టులోని నలుగురమూ నిర్ణయించుకున్నాము.

మేముండే వీధి విశాఖపట్నంలో ఎం.వి.పి. కాలనీ అంచున ఉంది. దాని వెనుక నుంచి ఒక గెడ్డ లాసన్స్ బే వైపు సాగి ఇసుకలో కలుస్తుంది. కొండల మీది నుంచి దిగివచ్చే వాగును మా ఉత్తరాంధ్రలో గెడ్డ అంటాము. మేహాద్రిగెడ్డ వంటి పెద్ద గెడ్డలకు పేరూ ఉంది, జలాశయమూ ఉంది, ఆ నీళ్ళు తాగే జనమూ ఉన్నారు. మా వెనుకనున్నది మాత్రం గోడల మధ్య ఇరుక్కుని మురుగుకాలువగా మారిపోయింది కనుక దాన్ని ఎవరూ పేరుపెట్టి పిలవరు. విశాఖలో కొండలకూ సముద్రానికీ మధ్య దూరం చాలా తక్కువ. గోదావరిలో పడిన చెత్త సముద్రం చేరడానికి ఎన్ని రోజులైనా పట్టవచ్చు గానీ, వానరోజున మా గెడ్డలో పడినది మాత్రం మధ్యాహ్న భోజనం ముగిసేలోపే కెరటాల్లో ఉంటుంది.

గెడ్డకు అడ్డంగా తేలే వల ఒకటి కట్టి, దానికి చిక్కిన చెత్తను ఎండబెట్టి, లెక్కపెట్టి, అది ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి నడిచి తెలుసుకోవడం మా పథకం. వార్డు సచివాలయంలో పారిశుద్ధ్యం చూసే కార్యదర్శి గారు అనుమతి ఇస్తూ ఒక్క షరతు పెట్టారు: వాన వచ్చినప్పుడు నీరు వెనక్కి తన్ని ఎవరి ఇంట్లోకీ వెళ్ళకూడదు.

మే 8

ఈ రోజు నీటి వేగం కొలిచాము. పరికరాలు మూడు: టేపు, ఫోనులో గడియారం, రైతుబజారులో కొన్న పది నిమ్మకాయలు. నిమ్మకాయ దాదాపు పూర్తిగా మునిగి తేలుతుంది కాబట్టి గాలి దాన్ని తోయలేదు, నీరే మోసుకుపోతుంది. పైగా తిరిగి దొరకకపోయినా బెంగ లేదు. పది మీటర్ల దూరాన్ని అవి సగటున 40 సెకన్లలో దాటాయి, అంటే సెకనుకు పావు మీటరు. మేము ఎంచుకున్న చోట గెడ్డ వెడల్పు 3.2 మీటర్లు, లోతు మోకాలికి కొంచెం తక్కువ. గట్టున కూర్చున్న పిల్లలు మూడు నిమ్మకాయలు ఎత్తుకెళ్ళారు.

మే 11

ఫిషింగ్ హార్బరు దగ్గర పాత వల కిలోల లెక్కన దొరికింది. అంగుళం కన్ను ఉన్న నైలాన్ వల అది. పై అంచుకు మూతలు బిగించిన ఖాళీ నీళ్ళ సీసాలను బెండ్లుగా కట్టి, కింది అంచుకు రాళ్ళు కట్టి, రెండు గట్లలోనూ వెదురు గుంజలు పాతి, గెడ్డకు సరిగ్గా అడ్డంగా బిగించాము. సాయంత్రానికే అరడజను కవర్లు దానికి అంటుకున్నాయి. మేము ఫోటోలు తీసుకున్నాము. ఆ ఫోటోలలో మా ముఖాలను ఇప్పుడు చూస్తే నవ్వు వస్తుంది.

మే 13

రాత్రి ఈదురుగాలులతో గంటకు పైగా వాన కురిసింది. తెల్లవారి వెళ్ళి చూస్తే ఒక గుంజ పడి ఉంది, రెండోదీ లేదు, వలా లేదు.

నిమ్మకాయలతో మళ్ళీ కొలిచాము. వాన తగ్గిన తర్వాత కూడా అదే పది మీటర్లను అవి 8 సెకన్లలో దాటాయి. నీటి వేగం ఐదింతలైంది, కానీ నీరు అడ్డును నెట్టే బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఆ బలం ఐదింతలతో ఆగక పాతికింతలైంది. ఇంటర్‌లో ఈ సూత్రాన్ని రాసి మార్కులు తెచ్చుకున్న వాళ్ళం మేము నలుగురమూ. గుంజలు పాతేటప్పుడు ఒక్కరికీ గుర్తు రాలేదు.

మే 15

పోయిన వల దొరికింది. మేము వెతికి పట్టుకున్నది కాదు, పెదజాలారిపేటకు చెందిన ఒక పెద్దాయన తెచ్చి గట్టు మీద పడేశారు. గెడ్డ ముఖం నుంచి చాలా దూరం ఉత్తరంగా, జోడుగుళ్ళపాలెం వైపు ఒడ్డున పడి ఉందట. ఈ కాలంలో ఒడ్డు వెంబడి నీరు ఉత్తరానికి సాగుతుంది. దానితోపాటు కదిలే ఇసుక హార్బరు దగ్గర ఆగిపోవడం వల్లనే అక్కడి ఇసుకను తవ్వి ఆర్.కె. బీచ్ మీద పోయవలసి వస్తున్నది. ఇసుక వెళ్ళే దారినే మా వలా వెళ్ళింది. దాని కన్నుల్లో ఎనిమిది పీతలు చిక్కుకుని ఉన్నాయి. వాటిలో ఐదు చచ్చిపోయాయి, మూడింటిని కాళ్ళు విరగకుండా విడిపించడానికి పెద్దాయనకే చాలాసేపు పట్టింది.

"మీ సెత్త సాల్నేదేటి బాబూ, ఇప్పుడు వలలు కూడా పంపుతున్నారేటి?" అన్నారు ఆయన. మా దగ్గర జవాబు లేదు.

సముద్రంలో వదిలేసిన వలకు యజమాని లేకపోయినా పట్టడం మాత్రం మానదని పుస్తకంలో చదివాను. చలికాలం చివర నుంచి వేసవి దాకా గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్డుకే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వస్తాయి. అటవీశాఖ వాళ్ళు ఆ గుడ్లను కంచె వేసిన ఇసుకలో పొదిగించి పిల్లలను నీటిలోకి వదులుతారు. మా వల రెండు నెలలు ముందుగా తెగి ఉంటే దానిలో పీతలే ఉండేవని చెప్పలేము. సముద్రంలోకి చెత్త వెళ్ళకుండా ఆపుతామని బయలుదేరిన వాళ్ళం, మా వీధి మొత్తం ఒక వారంలో పంపే దానికంటే ప్రమాదకరమైన వస్తువును ఒక్క రాత్రిలో పంపాము. ఈ సంగతి నివేదికలో రాయాలా వద్దా అని జట్టులో వాదన జరిగింది. మార్కులు పోతాయని రమణ అన్నాడు. రాయకపోతే మిగతా అంకెలను కూడా ఎవరూ నమ్మనక్కరలేదని సత్యవతి అంది. రాస్తున్నాము.

మే 18 నుంచి 21 వరకు

పెద్దాయనను బతిమాలి గెడ్డ దగ్గరకు తీసుకువచ్చాము. ఆయన నీళ్ళలోకి ఒక కొబ్బరి మట్ట విసిరి అది ఎటు కొట్టుకుపోతుందో చూసి, మేము కట్టిన తీరులో రెండు తప్పులున్నాయని చెప్పారు.

మొదటిది, నీటికి ఎదురుగా నిలబడడం. అడ్డంగా కట్టిన వల మొత్తం బలాన్ని తన మీదే వేసుకుంటుంది, చెత్తను కూడా తన కిందుగా నీటి అడుగుకు లాగేస్తుంది. "ఏటవాలుగా కట్టాల. దారిస్తే నీరే సెత్తని గట్టుకి తోసీస్తాది" అన్నారు. దాని ప్రకారం 5 మీటర్ల అడ్డును 3.2 మీటర్ల గెడ్డలో వాలుగా వేస్తే గట్టుతో దాదాపు 40 డిగ్రీల కోణం వచ్చింది. చెత్త వల మీద పేరుకుపోకుండా దాని వెంబడి జారుతూ దిగువ మూలలో ఒక గూడులోకి చేరుతోంది. గట్టు మీద నిలబడి గంపతో ఎత్తేయవచ్చు, నీళ్ళలోకి దిగనక్కరలేదు.

రెండో తప్పు, రెండు కొసలనూ సమానంగా బిగించడం. అన్ని ముడులూ గట్టిగా ఉంటే ఏది ముందు తెగుతుందో మన చేతిలో ఉండదు. ఎగువ కొసను గట్టు మీది వేపచెట్టు మొదలుకు మందపాటి తాడుతో కట్టాము. దిగువ కొసను మాత్రం సన్నని దారంతో కట్టాము. వరద వస్తే ఆ దారం తెగుతుంది, అడ్డు మొత్తం తలుపు తెరుచుకున్నట్టు ఒక గట్టుకు చేరి నీటికి దారి వదులుతుంది, కొట్టుకుపోదు. కార్యదర్శి గారి షరతుకు జవాబు కూడా దీనిలోనే దొరికింది.

విడి వల ఇంక వాడదలచుకోలేదు. సీసాలన్నిటినీ వలతో కుట్టిన ఒక పొడవాటి సంచిలో నింపి రెండు కొసలూ కుట్టేశాము. కింద జానెడు అంచు మాత్రం వేలాడుతుంది. దానిలో ఉన్న సీసాలు 34. ప్రతి వాన తర్వాతా లెక్కపెట్టి 34 ఉన్నాయో లేవో ఈ డైరీలో రాయాలన్నది మాకు మేము పెట్టుకున్న నియమం. ఆ తర్వాత దారం నాలుగుసార్లు తెగింది. సీసాలు ఇప్పటికీ 34 ఉన్నాయి.

మే 25 నుంచి 29 వరకు

నాలుగు రోజుల పట్టు తడిగా తూచితే 11.6 కిలోలు వచ్చింది. మేము సంతోషించి, మేడ మీద రెండు రోజులు ఎండబెట్టి మళ్ళీ తూచితే 3.8 కిలోలు మిగిలింది. తక్కినదంతా నీరూ బురదా. తడి చెత్త బరువు చెప్పి గొప్పలు పోవచ్చునన్న సంగతి ఇలా తెలిసింది.

కొబ్బరి బొండాలూ ఆకులూ పక్కన పెట్టి మిగతావి లెక్కిస్తే 412 వస్తువులు తేలాయి. వాటిలో చేతిసంచి కవర్లు 171, చిప్స్, షాంపూ వంటి వాటి పొట్లాలు 118, సీసా మూతలు 37, థర్మాకోల్ ముక్కలు 29, టీ కప్పులు 22, మూత బిగించిన సీసాలు 9, ఇతరాలు 26. ఎండిన కవర్లు 171 కలిపి తూచినా అర కిలోకు అటూ ఇటూగానే ఉన్నాయి. మేము పక్కన పడేసిన ఒక్క కొబ్బరి బొండం దానికి మూడు రెట్లు తూగింది. అయినా బొండం ఎప్పటికైనా మట్టిలో కలుస్తుంది, ఈ అర కిలో కలవదు. చెత్తను టన్నుల్లో చెప్పే అంకెలను చూసినప్పుడల్లా ఇకపై నాకు ఈ తక్కెడ గుర్తుకువస్తుంది.

సీసాల కంటే మూతలు నాలుగింతలు ఎక్కువ ఎందుకు చిక్కాయన్నది రెండు రోజులు అంతుపట్టలేదు. ఒక బకెట్ నీళ్ళలో ఒక్కొక్కటీ వేసి చూశాము. మూతను పాలీప్రొపిలీన్ లేదా పాలీఇథిలీన్‌తో చేస్తారు. అది నీటికంటే తేలిక కనుక తేలుతుంది. సీసాను పెట్ ప్లాస్టిక్‌తో చేస్తారు, దాని సాంద్రత 1.38 (నీటిది 1), లోపల గాలి ఉన్నంతసేపు తేలుతుంది, మూత తీసి పడేస్తే నీరు నిండి మునుగుతుంది. అంటే మూత లేని సీసాలు మా అడ్డు కిందుగానే వెళ్ళిపోతున్నాయి, లేదా ఎగువన అడుగున పూడుకుపోతున్నాయి. మా వల చూపిస్తున్నది తేలే చెత్తను మాత్రమే. నివేదికలో పట్టిక కింద ఈ మాట పెద్ద అక్షరాల్లో రాయాలి.

మే 30

పలుచని వాటి మందం కొలిచే స్క్రూ గేజ్‌ను భౌతికశాస్త్ర ప్రయోగశాల నుంచి అడిగి తెచ్చాము. కవర్ల మందం 120 మైక్రాన్లకు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తగ్గకూడదన్న నిబంధన 2022 డిసెంబరు 31 నుంచి అమలులో ఉంది. అంతకు ముందు 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్ల నిబంధన ఉండేది. స్క్రూ గేజ్ కనీసపు కొలత 10 మైక్రాన్లు, కనుక ఒక్క పొరను కొలిస్తే తప్పు ఎక్కువగా వస్తుంది. పరచిన కవరులో రెండు పొరలుంటాయి, మూడుసార్లు మడిస్తే 16 అవుతాయి. ఆ 16 పొరలనూ కలిపి కొలిచి భాగిస్తే ఒక పొర మందం మైక్రానుకు అటూ ఇటూగా తేలుతుంది.

నలభై కవర్లు కొలిచాము. నిబంధనకు సరిపోయినవి రెండే, అవీ బట్టల దుకాణాలవి. మిగతావాటిలో ఎక్కువ భాగం 18 నుంచి 25 మైక్రాన్లు. చేపల బజారులో ఇచ్చే నల్ల కవరు మరీ పలుచన.

తప్పు తోపుడుబండి వాళ్ళదని రాసేయడం సులువు. కానీ నేను నిన్న సాయంత్రం అరటిపళ్ళ బండి దగ్గర అరగంట నిలబడి చూశాను. పదకొండు మంది కొన్నారు, తొమ్మిది మంది కవరు అడిగారు, ఇద్దరు "పలుచగా ఉంది, ఇంకోటి వెయ్యి బాబూ" అన్నారు. ఒక కవరు ఇవ్వకపోతే ఒక డజను పళ్ళ బేరం పోతుంది. ఆ పదకొండు మందిలో చేతిలో సంచి ఉన్న ఆవిడ ఒక్కరే, ఆవిడ వయసు డెబ్బై దాటి ఉంటుంది.

జూన్ 5

పర్యావరణ దినోత్సవం. ఫ్లెక్సీ ముందు నిలబడి ప్రతిజ్ఞ చేశాము. జేబులో స్క్రూ గేజ్ ఉంది కనుక ఫోటో అయ్యాక ఫ్లెక్సీ అంచును కొలిచాను: 280 మైక్రాన్లు. 2022 జూలై 1 నుంచి నిషేధించిన వాటిలో 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లున్నాయి కాబట్టి మాది నిబంధనకు లోబడినదే. మందం పెరిగితే దోషం తగ్గుతుందా అని సత్యవతి అడిగింది. ఆ ఫ్లెక్సీని మరుసటి రోజు మేము అడిగి తీసుకుని, ఎండబెట్టే చెత్త కింద పరచడానికి వాడుతున్నాము.

జూన్ 9

అంగుళం కన్నులోంచి జారిపోయేవి ఎన్ని ఉన్నాయో చూడాలనిపించి ఇంట్లో పిండి జల్లెడ తీసుకువెళ్ళాను. (అది మళ్ళీ వంటింట్లోకి రాదని అమ్మ తేల్చి చెప్పింది, కొత్తది కొనిపెట్టాను, ఖర్చు జట్టు ఖాతాలో రాశాను.) ఇరవై బకెట్ల నీళ్ళు జల్లిస్తే పొట్లాల చిరుగులు, థర్మాకోల్ పూసలు, వాటితో పాటు ఐదు చిన్న త్రికోణాలు వచ్చాయి. తెల్లగా, నీలంగా, ఒక పక్క కత్తెరతో కోసిన గీత సూటిగా ఉన్న త్రికోణాలు. అవేమిటో గుర్తించడానికి నిమిషం పట్టింది. పాల ప్యాకెట్ మూలలు అవి. గట్టున గడ్డి వేళ్ళ మధ్య అడుగు మేర చోట్లో వెతికితే ఇంకా 31 దొరికాయి.

పాల ప్యాకెట్‌ను పాత ఇనుప సామాన్ల దుకాణం వాళ్ళు కొంటారు కాబట్టి మా అమ్మ కడిగి, ఆరబెట్టి, కట్టకట్టి దాస్తుంది. మా ఇంట్లో అన్నిటికంటే పద్ధతిగా వేరు చేసే చెత్త అదే. కానీ పొద్దున కాఫీ తొందరలో కోసిన మూల సింకులో పడుతుంది, సింకు నీళ్ళు వీధి పక్క కాలువలోకి పోతాయి, ఆ కాలువ గెడ్డలో కలుస్తుంది. మా వీధిలో 46 ఇళ్ళున్నాయి. ఇంటికి రోజుకు ఒక్క ప్యాకెట్ అనుకున్నా ఏడాదికి 16,790 మూలలు. వాటిలో ఎన్ని గెడ్డకు చేరుతాయో లెక్కతో తేలదు, చూసి తెలుసుకోవాలి.

జూన్ 10

చెల్లెలి ఎర్ర గోళ్ళరంగు తీసుకుని, పొద్దున పాలు రాగానే రెండు ప్యాకెట్ల మూలలకూ ఒక్కొక్క చుక్క పెట్టాను. పది రోజులు ఇలాగే పెడతాను. ఎందుకని అమ్మ అడిగితే ప్రాజెక్టుకని మాత్రమే చెప్పాను. మూలలను జాగ్రత్తగా పడేయమని చెబితే ప్రయోగం చెడుతుంది. చెప్పకపోతే సముద్రంలోకి వెళ్తాయని తెలిసి తెలిసీ ఇరవై మూలలను వదిలిన వాడినవుతాను. మా గైడ్ మేడంకు ఫోన్ చేశాను. ఆమె కాసేపు ఆలోచించి, ఇది నీవు కొత్తగా చేస్తున్న తప్పు కాదు, ఇన్నాళ్ళూ చేస్తున్నదాన్ని మొదటిసారి చూస్తున్నావు, అయినా ఆ ఇరవైనీ పేరు పేరునా లెక్క చెప్పాల్సిన బాధ్యత నీదే అన్నారు.

జూన్ 21

నిన్న సాయంత్రం గట్టి వాన. ఈ ఉదయం దారం తెగి అడ్డు గట్టుకు చేరి ఉంది, సీసాలు 34. వాన మొదట్లో గూడులో చేరిన చెత్త మాత్రం కదలకుండా ఉంది. దాన్ని మేడ మీద పరచి నలుగురమూ రెండు గంటలు ఒక్కొక్క ఆకునూ తిప్పి చూశాము. మొదటి ఎర్రచుక్క రమణకు కనిపించింది. ఒక చిప్స్ పొట్లం లోపలి మడతలో అంటుకుని ఉంది. తర్వాత ఇంకో రెండు దొరికాయి. మా ఇంటి సింకు నుంచి ఆ అడ్డు దాకా 600 మీటర్లు.

తర్వాత మా వీధి కాలువ పొడుగునా వెతికాము. నాలుగు దొరికాయి. ఇంట్లో గిన్నెల బుట్ట కింద ఒకటి. మొత్తం ఎనిమిది.

మూడు ఎర్ర త్రికోణాలను గిన్నెలో వేసి అమ్మకు చూపించాను. "ఇవి మనవేనా?" అని రెండుసార్లు అడిగింది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడలేదు. కాసేపటికి కత్తెర తెచ్చుకుని సాయంత్రపు ప్యాకెట్‌ను మూల పూర్తిగా తెగిపోకుండా, ఒక కొస అంటుకుని ఉండేలా కోసి పాలు వంచింది. పాలు కొంచెం పక్కకు ఒలికాయి. రెండో ప్యాకెట్ ఒలకలేదు.

జూన్ 27

నైరుతి వానలు బలపడుతున్నాయి కనుక ఈ రోజు అడ్డును తీసేశాము. మా గంటలు 187 అయ్యాయి. పారిశుద్ధ్య కార్మికులు బస్తాలు తీసుకువెళ్తామన్నారు గానీ రోజూ గూడు ఖాళీ చేసే మనిషి లేకుండా అడ్డును వదిలి వెళ్ళడం మంచిది కాదు. నిండిన గూడు తెగితే ఒక్కసారే అంతా వెళ్తుంది. కాలేజీ తెరిచాక మరో జట్టు తీసుకుంటుందేమో అడగాలి. అంతవరకు సంచిని, తాడును పెద్దాయన తమ వలల పాకలో ఉంచుతానన్నారు. సీసాలు లెక్కపెట్టి అప్పగించాము.

తిరిగి వచ్చేటప్పుడు గెడ్డ ముఖం దగ్గర ఆగాను. ఎండాకాలంలో దాన్ని మూసే ఇసుక మేట తెగి, నీరు గోధుమరంగులో సముద్రంలోకి దూకుతోంది. కెరటం వదిలి వెళ్ళిన గీత వెంబడి ఉత్తరంగా, మా వల వెళ్ళిన దిక్కునే, అరకిలోమీటరు వంగి వెతుక్కుంటూ నడిచాను. తెల్ల మూలలు పదిహేడు, నీలివి ఆరు దొరికాయి. లెక్క చెప్పవలసిన పన్నెండింటిలో ఒక్కటీ కనబడలేదు.